ముందుగా చూసినదెవరు? సెరెంగెటి సఫారీ కథనాలలో మనిషి స్థానం

ప్రస్తావన

టాంజానియా ఉత్తర భాగంలోని సెరెంగెటి జాతీయ వనానికి సఫారీ వెళ్లిన యాత్రికుడు సాధారణంగా తన మొదటి సింహాన్ని తానుగా కనిపెట్టడు. బండి నడిపే గైడు ముందుగా చూస్తాడు. వేగం తగ్గించి, గడ్డిలో ఒక చోటు చూపించి, యాత్రికుడి కళ్లు ఆ చోటును పోల్చుకునేదాకా ఆగుతాడు. ఇంటికి తిరిగి వచ్చాక రాసుకున్న యాత్రాకథనంలో ఆ సంఘటన ‘సింహాన్ని చూశాను’ అని ఉత్తమ పురుషలో నమోదవుతుంది. చూపుకూ వాక్యానికీ మధ్య కర్త మారిపోయాడు. ఈ మార్పు ఎలా జరుగుతుంది, దాని వెనుక ఉన్న సాహిత్య సంప్రదాయం ఏది, దాని ఫలితం ఎవరి మీద పడుతుంది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు.

ఆఫ్రికా జాతీయ వనాల సందర్శనం గురించిన రచనలు యాత్రాసాహిత్యంలో ఒక ఉపశాఖగా స్థిరపడ్డాయి. తెలుగులోనూ కెన్యా, టాంజానియాల సఫారీ అనుభవాలు యాత్రాకథనాలుగా వెలువడుతున్నాయి. ఇటువంటి రచనలను వర్ణన సామర్థ్యం, సమాచార విలువ, శైలి అనే ప్రమాణాలతో అంచనా వేయడం మన విమర్శలో పరిపాటి. ఆ ప్రమాణాలు అవసరమే గాని, ఈ ఉపశాఖ విషయంలో చాలవు. సఫారీ అనేది యాత్రికుడు వెళ్లకముందే చాలావరకు కూర్చి ఉన్న కథనం. అతడు అందులోకి ప్రవేశించి, తిరిగి వచ్చి, దానినే తన అనుభవంగా చెబుతాడు. ఆ కూర్పు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తించకపోతే రచయిత సొంత చూపు ఏదో, అరువు తెచ్చుకున్న చూపు ఏదో వేరుచేయలేము.

ఇందుకోసం మూడు గ్రంథాలను ఆధారంగా తీసుకుంటున్నాను. అవి థియోడర్ రూజ్‌వెల్ట్ రాసిన ‘ఆఫ్రికన్ గేమ్ ట్రెయిల్స్’ (1910), ఎర్నెస్ట్ హెమింగ్‌వే రాసిన ‘గ్రీన్ హిల్స్ ఆఫ్ ఆఫ్రికా’ (1935), బెర్న్‌హార్డ్ గ్జిమెక్, ఆయన కుమారుడు మిఖాయెల్ గ్జిమెక్‌ల పేర జర్మన్ భాషలో వెలువడి, ‘సెరెంగెటి మరణించకూడదు’ అనే అర్థం గల పేరుతో ప్రసిద్ధమైన గ్రంథం (1959). మొదటి రెండూ వేట కథనాలు, మూడోది సంరక్షణ కథనం. వేట కథనం క్రూరమైనదనీ, సంరక్షణ కథనం ఉదాత్తమైనదనీ పాఠకులకు సహజంగా కలిగే అభిప్రాయం. జంతువుల పక్షం నుంచి చూస్తే అది సరైనదే. ఆ నేల మీద బతికిన మనుషుల పక్షం నుంచి ఈ గ్రంథాలను వరుసగా చదివితే మరొక క్రమం కనిపిస్తుంది. వేట కథనంలో వంకరగానైనా స్థానికుడు ఉన్నాడు. సంరక్షణ కథనంలో అతడు ఆటంకంగా మారాడు. నేటి పర్యాటక కథనంలో దాదాపు కనుమరుగయ్యాడు. ఈ క్రమాన్ని నిరూపించి, దాని వెలుగులో తెలుగు యాత్రాసాహిత్య విమర్శకు ఒక అదనపు ప్రమాణాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

సఫారీ: పదం, నిర్మాణం

‘సఫారీ’ స్వాహిలీ పదం. దానికి అర్థం ప్రయాణం. మూలం అరబీలోని ‘సఫర్’. ఆ అరబీ పదమే పారసీ, ఉర్దూల మీదుగా దక్కనుకు చేరింది. కనుక తెలంగాణ పాఠకుడికి ఈ మాట పూర్తిగా పరాయిది కాదు. స్వాహిలీ మాట్లాడేవారికి బంధువుల ఊరికి బస్సులో వెళ్లడం కూడా సఫారీయే. వలస పాలన కాలంలో ఈ పదం అర్థసంకోచం పొంది, కూలీలు సామాను మోయగా తెల్లదొర సాగించే వేటయాత్రకు పేరైంది. తరవాత తుపాకీ స్థానంలోకి కెమెరా వచ్చింది. పదజాలం మాత్రం చాలావరకు వేటదే మిగిలింది. సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, ఆఫ్రికా అడవిదున్న అనే అయిదింటిని కలిపి చెప్పే ‘బిగ్ ఫైవ్’ అన్న మాట ఇందుకు మంచి ఉదాహరణ. కాలినడకన వెళ్లి వేటాడడానికి అత్యంత ప్రమాదకరమైన జంతువులుగా వేటగాళ్లు ఏర్పరచుకున్న పట్టిక ఇది. ఇవాళ్టి యాత్రికుడు అదే పట్టికను పెట్టుకుని ‘అయిదింటిలో నాలుగు దొరికాయి’ అని లెక్క చెబుతున్నాడంటే, అతని కథనానికి చట్రం ఎవరు బిగించారో తెలుస్తుంది.

సందర్శన నిర్మాణం కూడా కథన నిర్మాణాన్ని నిర్దేశిస్తుంది. గోరోంగోరో వైపు నుంచి వచ్చేవారు నాబి కొండ ప్రవేశద్వారం దగ్గర అనుమతి పత్రాలు చూపించి లోపలికి వెళతారు. ద్వారం దాటాక, అనుమతించిన చోట్ల తప్ప బండి దిగకూడదు. యాత్రికుడి కాలు నేలకు తగలదు. పైకప్పు ఎత్తిన బండిలో నిలబడి, ఎత్తు నుంచి, నాలుగు వైపులా చూడడమే అతని పని. మేరీ లూయీజ్ ప్రాట్ తన ‘ఇంపీరియల్ ఐస్’ (1992)లో వలసకాలపు యాత్రికుల రచనలను పరిశీలిస్తూ, ఎత్తైన చోట నిలిచి కనిపించినదంతటికీ తానే ప్రభువైనట్లు వర్ణించే భంగిమను గుర్తించింది. సఫారీ బండి ఆ భంగిమను ప్రతి యాత్రికుడికీ సులభంగా అందించే సాధనం. ప్రమాదం నుంచి కాపాడే ఈ నియమాన్ని తప్పుపట్టనక్కరలేదు. అయితే ఆ ఎత్తు రచనలోకి దిగినప్పుడు ఏమి చేస్తుందో విమర్శకుడు గమనించాలి.

ఈ నిర్మాణంలో గైడు పాత్ర కీలకం. గైడులు రేడియోలో ఒకరికొకరు స్వాహిలీలో సమాచారం ఇచ్చుకుంటారు. సింబా అంటే సింహం, చుయి అంటే చిరుతపులి, దుమా అంటే చీతా. ‘సింబా’కు మన ‘సింహం’తో ధ్వనిసామ్యం ఉన్నా, అది బంటు భాషల సొంత పదం. జీబ్రాను స్వాహిలీలో ‘పుందా మిలియా’ అంటారు. చారల గాడిద అని దాని అర్థం. యాత్రికుడు చూడబోయే దృశ్యం మొదట ఈ భాషలో ఏర్పడి, తరవాత ఇంగ్లీషులోకి, ఆ తరవాత అతని మాతృభాషలోకి వస్తుంది. అంటే సఫారీ కథనం తొలి పాఠం గైడుదే. మన చేతికి అందేది దాని అనువాదం. అనువాదకుడు మూలకర్త పేరు చెప్పకపోతే సాహిత్యరంగంలో ఊరుకోము. ఇక్కడ ఆ ప్రశ్నే రావడం లేదు.

వేట కథనం: పేరు పెట్టినా, ఉన్నాడు

అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిన వెంటనే, 1909లో, రూజ్‌వెల్ట్ స్మిత్‌సోనియన్ సంస్థకు జంతు నమూనాలు సేకరించే నిమిత్తం తూర్పు ఆఫ్రికాకు వెళ్లాడు. ఆయనా, కుమారుడు కెర్మిట్టూ కలిసి 512 జంతువులను కాల్చారు. ఆ లెక్క పుస్తకంలోనే ఉంది. మొదటి అధ్యాయానికి ఆయన పెట్టిన పేరుకు ‘ప్లీస్టోసీన్ యుగం గుండా ఒక రైలుమార్గం’ అని అర్థం. రైలు ఇరవయ్యో శతాబ్దానిది, కిటికీలోంచి కనిపించే నేల వేల ఏళ్ల నాటిది అన్నమాట. ఆ నేల మీద నడిచే మనుషులు కూడా రచయితకు సమకాలికులు కాకుండా పోతారు. ఆఫ్రికాను ‘ఆదిమ కాలానికి’ తీసుకుపోయే ప్రయాణంగా చిత్రించే వాక్యాలు నేటి యాత్రాకథనాలలో ఎదురైనప్పుడు, వాటి పూర్వరూపాన్ని ఈ శీర్షికలో చూడవచ్చు.

హెమింగ్‌వే గ్రంథం మరింత సంక్లిష్టమైనది. 1933-34లో నాటి టాంగన్యీకాలో తాను చేసిన వేటయాత్రను, కల్పన లేకుండా రాసి నవలతో పోటీ పడగలదేమో చూడాలన్న ప్రయత్నంగా ఆయన దీన్ని రచించాడు. ఇందులో మ్‌కోలా అనే స్థానిక సహాయకుడు తుపాకీ మోస్తాడు, జాడలు పట్టుకుంటాడు. అతనికి ఇష్టాయిష్టాలు, హాస్యం, అలక ఉన్నాయి. మొదట్లో రచయితను అతడు లెక్కచేయడు. క్రమంగా వారిద్దరి మధ్య ఒక గౌరవం ఏర్పడుతుంది. జంతువు జాడ పోయినప్పుడు దాన్ని తిరిగి పట్టుకున్నదెవరో పుస్తకం చెబుతుంది. వేటగాడి పొరపాట్లను మ్‌కోలా చూస్తున్నాడన్న స్పృహ రచయితకు ఉంది. అంటే చూసేవాడినే చూసే కన్ను ఒకటి ఈ కథనంలో ఉంది.

దీన్ని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. నటనాధోరణి గల మరొక జాడగాడికి హెమింగ్‌వే, పద్దెనిమిదో శతాబ్దపు ఆంగ్ల నటుడిని తలపించేలా, గ్యారిక్ అని ఎగతాళి పేరు పెట్టాడు. అతని అసలు పేరు పాఠకుడికి గుర్తుండే అవకాశమే లేదు. పేరు పెట్టే అధికారం తుపాకీ ఉన్నవాడి చేతిలోనే ఉంది. అయినప్పటికీ స్థానికుడిని పూర్తిగా తొలగించడం ఈ ప్రక్రియకు సాధ్యం కాదు. జాడ తెలిసినవాడు లేకుండా వేట లేదు, వేట లేకుండా కథ లేదు. అతని ఉనికి రచయిత ఔదార్యం మీద ఆధారపడలేదు. కథావస్తువే దాన్ని కోరింది.

సంరక్షణ కథనం: ఆటంకమైన మనిషి

సెరెంగెటి 1951లో జాతీయ వనమైంది. పచ్చిక భూములలో పశువులు మేపుకునే మసాయిలకు దానిలో ఉన్న హక్కుల గురించి వివాదం తలెత్తింది. వనం సరిహద్దులు మార్చాలని వలస ప్రభుత్వం ఆలోచిస్తున్న కాలంలో, ఫ్రాంక్‌ఫర్ట్ జంతు ప్రదర్శనశాల అధిపతి గ్జిమెక్, ఆయన కుమారుడు జీబ్రా చారలు వేసిన చిన్న విమానంలో తిరిగి జంతువుల మందలను లెక్కించారు. ఆ పని జరుగుతుండగానే, 1959 జనవరిలో, విమానం కూలి మిఖాయెల్ మరణించాడు. గోరోంగోరో బిలం అంచున అతని సమాధి ఉంది. అదే పేరుతో వచ్చిన చలనచిత్రానికి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ పురస్కారం లభించింది. కొడుకును పోగొట్టుకున్న తండ్రి నిబద్ధతను శంకించడానికి ఎవరికీ హక్కు లేదు. సెరెంగెటి పట్ల ప్రపంచ ప్రజలకు కలిగిన మమకారంలో ఈ రచనకు గొప్ప పాత్ర ఉంది.

ఆ గౌరవంతోనే గ్రంథంలోని అంతర్వైరుధ్యాన్ని చూడాలి. కాగితం మీద గీసిన సరిహద్దు జంతువుల దారికి సరిపోదన్నది గ్జిమెక్ వాదంలోని బలం. వైల్డ్‌బీస్ట్‌లు వానను, లేత గడ్డిని వెంబడిస్తూ ఏడాదంతా తిరుగుతాయి. దక్షిణాన పొట్టిగడ్డి మైదానాల్లో ఏడాది మొదటి నెలల్లో ఈని, ఎండలు ముదిరేనాటికి పడమరకు, ఉత్తరానికి సాగి, మారా నదిని దాటి, వానలతో మళ్లీ దక్షిణానికి చేరుకుంటాయి. ఆ నేలను ముక్కలు చేస్తే మంద బతకదు. ఈ సత్యాన్ని అంత స్పష్టంగా గ్రహించిన రచయిత, మసాయి పశువుల కదలిక కూడా అదే వానను, అదే గడ్డిని అనుసరించేదని గ్రహించినా, దానికి అదే న్యాయం వర్తింపజేయలేదు. జాతీయ వనంలో స్థానికులు సహా మనుషులెవరూ నివసించరాదన్నది ఆయన సిద్ధాంతం. 1959లో గోరోంగోరోను వేరుచేసి, మసాయిలను సెరెంగెటి నుంచి అక్కడికి తరలించారు. మంద వలసకు కావ్యగౌరవం దక్కింది, మనిషి వలస ఒక పరిపాలనా సమస్యగా మిగిలింది.

కథనశాస్త్ర దృష్టితో ఇక్కడ ఒక మౌలికమైన మార్పు జరిగింది. విమానం నుంచి లెక్కించేవాడికి జాడగాడు అక్కరలేదు. వేట కథనాన్ని స్థానికుడితో ముడివేసిన అవసరం తెగిపోయింది. తుపాకీ లేని ఈ చూపు నిర్దోషిగా కనిపిస్తుంది కనుక, దాని అధికారాన్ని ప్రశ్నించడం మరింత కష్టం. అమాయకత్వాన్ని ప్రకటించుకుంటూనే ఆధిపత్యాన్ని నిలుపుకునే ఇటువంటి వ్యూహాన్ని ప్రాట్ ‘ప్రతి-విజయం’ అనదగిన పదంతో సూచించింది. నేటి కెమెరా సఫారీ కథనానికి ప్రత్యక్ష పూర్వీకుడు గ్జిమెక్ గ్రంథమే.

ఆ వారసత్వం ఎంత దూరం వెళ్లిందో కెన్యా రచయిత బిన్యవాంగా వైనైనా ‘గ్రాంటా’ పత్రికలో 2005లో ప్రచురించిన వ్యంగ్యరచన చూపించింది. ఆఫ్రికా గురించి ఎలా రాయాలో బోధిస్తున్నట్లు సాగే ఆ రచనలో, జంతువులను మాత్రం నిండైన వ్యక్తిత్వం గల పాత్రలుగా చిత్రించాలన్న వెటకారపు సలహా ఉంది. అంతకుముందే గూగీ వా థియోంగో కూడా, డెన్మార్క్‌లో చేసిన ప్రసంగంలో, కరెన్ బ్లిక్సెన్ రచనల్లో ఆఫ్రికా మనుషుల చిత్రణ జంతువుల ఉపమానాల చుట్టూ తిరగడాన్ని తీవ్రంగా విమర్శించాడు. వరవరరావు అనువాదాల ద్వారా తెలుగు పాఠకులకు చిరపరిచితుడైన ఆ రచయిత విమర్శను, మన సఫారీ యాత్రాకథనాల చర్చలోకి కూడా తీసుకురావలసి ఉంది.

పేర్లున్న నేల

‘సెరెంగెటి’ అన్న పేరు అంతులేకుండా సాగే నేల అనే అర్థం గల మసాయి మాట నుంచి వచ్చిందని చెబుతారు. పర్యాటక రచనలు చాలావరకు ఈ ఒక్క పేరు దగ్గర ఆగిపోతాయి. కానీ పశ్చిమ సెరెంగెటిలో ఇకోమా, నాతా, ఇకిజు వంటి సమూహాలు తరతరాలుగా నివసించాయి. చరిత్రకారిణి జాన్ బెండర్ షెట్లర్ వారి మౌఖిక సంప్రదాయాలను సేకరించి రాసిన ‘ఇమాజినింగ్ సెరెంగెటి’ (2007) ఈ విషయంలో ముఖ్యమైన గ్రంథం. బయటివారికి నిర్జనారణ్యంగా కనిపించిన నేల, ఆ పెద్దల జ్ఞాపకాల్లో పాత ఊళ్లు, నీటి చెలమలు, పూజాస్థలాలు, వేటదారుల పేర్లతో నిండి ఉంటుంది. జానపద విజ్ఞానంలో, స్థలనామ పరిశోధనలో కృషి చేసినవారికి దీని ప్రాధాన్యం వేరే చెప్పనక్కరలేదు. పేరు ఉన్నచోట మనిషి ఉన్నాడు, అతని పని ఉంది, అతని కథ ఉంది.

‘అనాదిగా ఇలాగే ఉన్న ప్రకృతి’ అనే వర్ణన కూడా చరిత్ర ముందు నిలవదు. 1890ల నాటికి తూర్పు ఆఫ్రికాను ముంచెత్తిన రిండర్‌పెస్ట్, అంటే మన రైతులు ముసర వ్యాధి అని పిలిచిన పశువ్యాధి, మసాయి పశువులలో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టింది. ఆ వెంట కరవు వచ్చింది. తరవాతి దశాబ్దాల్లో వచ్చిన యూరోపియన్లు చూసిన ఖాళీ మైదానాలలో కొంత భాగం ఈ విపత్తు మిగిల్చిన ఖాళీయే. అదే వ్యాధి వైల్డ్‌బీస్ట్‌లను కూడా అణచి ఉంచింది. వనం చుట్టుపక్కల ప్రజల పశువులకు టీకాలు వేయడంతో వ్యాధి తొలగి, 1960ల ఆరంభంలో సుమారు రెండున్నర లక్షలుగా ఉన్న వైల్డ్‌బీస్ట్‌ల సంఖ్య 1970ల చివరికి పదమూడు లక్షలకు పెరిగింది. ఇవాళ యాత్రికుడు మారా ఒడ్డున చూసి పులకించే మహాప్రవాహం వెనుక పశుపాలకుడి మందకు పడిన టీకా ఉంది. ఈ విషయం తెలిస్తే దృశ్యం చిన్నబోదు. దానిలో మనిషికి కూడా చోటు దొరుకుతుంది.

వనం లోపలే ఉన్న మోరు గుట్టల రాతి మీద మసాయిలు ఎరుపు, తెలుపు, నలుపు రంగులతో వేసిన డాళ్ల బొమ్మలు ఉన్నాయి. దగ్గరలో కొడితే గంటలా మోగే బండ ఒకటి ఉంది. ఈ రెండూ సఫారీ పట్టికలో ‘చూడదగిన వింతలు’. వాటిని గీసినవారు, మోగించినవారు అక్కడ ఎందుకు లేరన్న ప్రశ్న కథనంలోకి వస్తే వింత సాక్ష్యంగా మారుతుంది. ఇది ముగిసిన చరిత్ర కూడా కాదు. 2022 జూన్‌లో సెరెంగెటి పక్కనే ఉన్న లోలియోండోలో సుమారు 1,500 చదరపు కిలోమీటర్ల నేలకు హద్దురాళ్లు పాతుతున్నప్పుడు మసాయిలకూ, భద్రతా దళాలకూ మధ్య ఘర్షణ జరిగింది. గోరోంగోరో నుంచి దూరాన ఉన్న మ్‌సొమెరాకు కుటుంబాల తరలింపు కూడా ఆ ఏడాదే మొదలైంది. అది స్వచ్ఛందమని ప్రభుత్వం అంటుంది, మసాయి ప్రతినిధులు కాదంటారు.

తెలుగు సంప్రదాయం ఇచ్చే ప్రమాణం

పైన చూసిన గ్రంథాలు అడవిని వర్ణించే ఒక్క పద్ధతిని మాత్రమే చూపుతాయి. మన సాహిత్యంలో ఇంకో పద్ధతి ఉంది. ప్రబంధ యుగంలో మృగయావర్ణన కవులకు ప్రీతిపాత్రమైన అంశం. ధూర్జటి ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యం’లో తిన్నడి కథ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అక్కడ వేటగాడే కథానాయకుడు. అతనికి ఉడుమూరు అనే ఊరు ఉంది, కులం ఉంది, వేటకుక్కలు, తోటి బోయలు ఉన్నారు. అడవి వారి ఇల్లు. భక్తి కూడా అడవి భాషలోనే వ్యక్తమవుతుంది. ఈ చిత్రణ బోయల సొంత గొంతు కాదు, ఆస్థానకవి ఊహ. ఆ పరిమితిని ఒప్పుకుంటూనే, మనిషి లేని అడవిని అందమైన అడవిగా భావించడం ఈ కావ్యదృష్టికి తెలియదని చెప్పవచ్చు. యాత్రాసాహిత్యంలో ఏనుగుల వీరాస్వామి కాశీయాత్రచరిత్ర (యాత్రాకాలం 1830-31) మజిలీ మజిలీకీ ఊరిపేరు, నీటివసతి, దొరికే సామగ్రి నమోదు చేసింది. దారి పొడవునా ఎవరో ఒకరు నివసిస్తున్నారన్న ఎరుక ఆ రచనకు పునాది.

ఈ ఎరుక మనకు ఎంత అవసరమో నల్లమల గుర్తుచేస్తుంది. అక్కడి చెంచులు మాట్లాడేది తెలుగు. వారి నివాసాలను పెంటలంటారు. ఆ అడవిలోని పెంటల పేర్లు తెలుగు స్థలనామ సంపదలో భాగం. పులుల అభయారణ్యంగా ప్రకటితమైన తరవాత అక్కడా సంరక్షణకూ, నివాసానికీ మధ్య చర్చ సాగుతూనే ఉంది. ఫర్హాబాద్‌లో సఫారీ బండి ఎక్కే తెలుగు యాత్రికుడు, సెరెంగెటి కథనాల నుంచి నేర్చుకున్న చూపుతో నల్లమలను చూస్తే, తన భాష మాట్లాడేవారి అడవిని కూడా నిర్జనంగానే రాస్తాడు. ఆఫ్రికా గురించిన రచనారీతి మన ఇంటి గడపలోకి వచ్చే మార్గం ఇదే.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. జాతీయ వనాలు లేకపోతే ఖడ్గమృగం వంటి జంతువులు మిగిలేవా, మూడు రోజుల యాత్రికుడి మీద ఇంత చరిత్ర మోపడం న్యాయమా అని అడగవచ్చు. సంరక్షణ అవసరం గురించి ఈ వ్యాసానికి సందేహం లేదు. యాత్రికుడు చరిత్రకారుడు కావాలనీ కోరడం లేదు. కోరుతున్నది వాక్యంలో కర్తను నిజాయితీగా ఉంచమని మాత్రమే. ‘గైడు చూపించాడు, నేను చూశాను’ అని రాయడానికి అదనపు పరిశోధన అక్కరలేదు. ఆ వాక్యం రాసిన రచయితకు గైడు ఏ ఊరివాడు, ఈ చూపు ఎక్కడ నేర్చాడు అని అడగాలన్న కుతూహలం కలగడానికి అవకాశం ఉంది. ఆ కుతూహలం లేని రచనలో వర్ణన ఎంత మనోహరంగా ఉన్నా, అది బండి కిటికీ దాటి రాదు.

ముగింపు

రూజ్‌వెల్ట్ నుంచి గ్జిమెక్ దాకా సాగిన యాభై ఏళ్లలో జంతువు పట్ల చూపు కరుణామయమైంది. అదే కాలంలో మనిషికి దక్కిన చోటు కుంచించుకుపోయింది. ఈ రెండు పరిణామాలనూ కలిపి చదివినప్పుడే సఫారీ కథనం స్వభావం అర్థమవుతుంది. తెలుగులో వెలువడే సఫారీ రచనలను మూల్యాంకనం చేసేటప్పుడు, శైలీ వర్ణనలతో పాటు మూడు ప్రశ్నలు వేయవచ్చు. దృశ్యాన్ని ముందుగా చూసినవారికి రచనలో పేరు ఉందా? నేలకు స్థానికులు పెట్టిన పేర్లు వినిపిస్తున్నాయా? ‘ఆదిమం’, ‘నిర్జనం’ అన్న విశేషణాలు పరిశీలించి వాడినవా, అరువు తెచ్చుకున్నవా? తెలుగులోని సఫారీ యాత్రాకథనాలను సేకరించి ఈ ప్రశ్నలతో సమగ్రంగా పరిశీలించడం ముందున్న పని. నల్లమల, పాపికొండల సందర్శన రచనలను కూడా వాటి పక్కన పెట్టి చదివితే, పరాయి నేల మీద అలవరచుకున్న చూపు సొంత నేల మీద ఏమి చేస్తున్నదో తెలుస్తుంది.